మిషన్ ఆగిన చోటల్లా

జనవరి 9

తొందరాయన ఏటా ఒక డైరీ పంపుతాడు. ఎప్పుడూ తొందరపెడతాడని ఆ పేరు నేనే పెట్టాను. పుస్తకాలు అచ్చువేసేవాడు కదా, రచయితలందరికీ పంపుతాడు. ఏటా దాన్ని మా ఆవిడ లాగేసుకుని, పేజీలు చింపి, కాలర్లకీ జేబులకీ కొలతల కాగితాలు కత్తిరించుకుంటుంది. ఈసారి అడగలేదు. అడిగితే ఇచ్చేవాణ్ణే.

నవల ఎలాగూ కదలడం లేదు. చెయ్యి తుప్పు పట్టకుండా ఇందులో రాసుకుంటాను.

ఇవాళ పదహారో అధ్యాయం చదివాను. మా ఒప్పందం పెళ్లయిన కొత్తలో కుదిరింది. నేను చదువుతాను, ఆమె మిషన్ తొక్కుతూ వింటుంది. మిషన్ ఆగకుండా నడిచిందంటే ఆ పేజీలు చచ్చినట్టే. ఎక్కడ ఆమె కాలు ఆగితే అక్కడ ప్రాణం ఉన్నట్టు. ఆగిన చోట పెన్సిలుతో గీత పెడతాను. గీత లేని పేజీ చించేస్తాను. బాగుందా అని ఎప్పుడూ అడగను. అడిగితే "బానే ఉందండీ" అంటుంది, ఆమె ఏం వండినా నేను అన్నట్టే.

ఇవన్నీ నాకు నేను చెప్పుకోవడం దేనికో. రాసే అలవాటు, ఎవరో చదువుతున్నట్టే రాస్తాం.

ఇవాళ చాలాసార్లు ఆగింది. ఇన్నేళ్లలో ఇన్నిసార్లు ఆగడం నేనెరగను. పేజీల నిండా గీతలే.

జనవరి 18

మళ్లీ ఆగింది. వర్షం వర్ణించిన చోట కూడా ఆగింది. నా వర్షాలకు ఆమె ఎప్పుడూ ఆగలేదు.

జనవరి 30

పదకొండేళ్లుగా ఒకే నవల రాస్తున్నానంటే జనం నవ్వుతారు. నా తోటివాళ్లు ఏడాదికొకటి దింపుతున్నారు. నాకు ఒక్క మనిషిని గుమ్మం దాటించడానికి ఏడాది పడుతుంది. అతను ఎందుకు లేచాడు, ఏ కాలు ముందు పెట్టాడు, తలుపు వేశాడా వదిలేశాడా, ఇవి తెలియకుండా నేను పంపలేను.

కథ పెద్దదేం కాదు. ఒక తండ్రి, ఒక కొడుకు, మా వీధి చివర ఉన్న కాలువ. కొడుకు ఎనిమిదేళ్లవాడు. అందరూ పొట్టోడు అంటారు. వాడు కాలువలో పోతాడు. ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. తెలిసే మొదలుపెట్టాను. ఇంటి నుంచి కాలువ దాకా వాణ్ణి నడిపించడానికే ఇన్నేళ్లు పట్టింది, ఇంకా చేరలేదు. నీళ్లలో పోవాలంటే ముందు బతికుండాలి కదా. నాది కర్రబొమ్మ. కర్ర నీళ్లలో మునగదు.

ఫిబ్రవరి 11

బావమరిది వచ్చాడు. బస్సు నడుపుతాడు, అందుకని లోకంలో అందరూ ఆలస్యంగా ఉన్నారని అతని అభిప్రాయం. వీధి చివర ఆసుపత్రికి పునాదులు తవ్వినప్పుడు నేను ఈ నవల మొదలుపెట్టానట. ఆసుపత్రి కట్టారు, రంగులు వేశారు, రంగులు వెలిసి మళ్లీ వేశారు. "నీ పొట్టోడు ఇప్పటికైనా ఇల్లు దాటాడా బావా" అన్నాడు. మా ఆవిడ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

వెళ్లేటప్పుడు నన్ను మెట్ల దగ్గరికి పిలిచాడు.

"అక్క కుట్టిన యూనిఫారాలు బట్టల కొట్టాయన తిరిగి పంపించాడు. నీకు తెలుసా?"

"తెలీదు."

"చొక్కా చేతులు దూర్చే చోట మూసేసి కుట్టింది. ఒకటి కాదు, కట్టంతా అంతే."

"కళ్లు మసకలయ్యుంటాయి. అద్దాలు మార్పిస్తాను."

"మిషన్ మాటిమాటికీ ఎందుకాపుతోందో చూశావా బావా?"

"నేను చదివేది వింటూ ఆపుతుంది. అది మాకు అలవాటు."

 "సూదిలో దారం ఎటు నుంచి ఎక్కించాలో తెలీక ఆపుతోంది" అన్నాడు.

బావమరిదికి సాహిత్యం అంటే మొదటి నుంచీ గిట్టదు.

ఫిబ్రవరి 12

ఇవాళ చదవలేదు. ఆమె తనంతట తాను వచ్చి మిషన్ ముందు కూచుంది. "ఏం చదవరా?" అంది. గొంతు బాలేదన్నాను.

మార్చి 6

డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. బావమరిదే సెలవు పెట్టి తీసుకెళ్లాడు. ఆవిడ మా ఆవిడను ఒక గడియారం బొమ్మ గీయమంది. గుండ్రంగా గీసింది, టైలరు చెయ్యి కదా, ఎంత గుండ్రంగా గీసిందో. అంకెలన్నీ ఒకే పక్కకు పెట్టింది. ఒక సంచీలో పోసినట్టు.

జబ్బుకు పొడుగాటి పేరు ఉంది. తగ్గేది కాదట. నెమ్మది చేయడానికి ఏవో మాత్రలు రాసింది. ఆమెను బాగా మాట్లాడిస్తూ ఉండమంది. ఇంకా ఏవో చెప్పింది.

దారిలో బావమరిది ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మా ఆవిడ "వాడికి ఒంట్లో బాలేదా ఏంటి?" అని నన్ను అడిగింది.

మార్చి 7

ఇవాళ ఏమీ చేయలేదు.

మార్చి 21

సాయంత్రం కూరగాయలు తరుగుతున్నాను. ఇప్పుడు స్టవ్ దగ్గరికి ఆమెను రానివ్వడం లేదు. కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తూ, "పొట్టోడు ఇంకా రాలేదేంటండీ" అంది.

"ఎవరు?"

"ఎవరేంటి. మన పొట్టోడు."

కత్తి ఆగింది. ఆ క్షణాన నేను చెప్పాల్సింది ఒకటి ఉంది. అది చెప్పలేదు. "వస్తాడు" అన్నాను.

"బడి వదిలి ఎంతసేపయింది. ఎక్కడో రాళ్లేరుకుంటూ ఉంటాడు. జేబులు చిరిగేది అందుకే. ఎన్నిసార్లు కుట్టను?"

రాళ్లేరుకోవడం నా నవలలో లేదు.

తరిగిన ముక్కలు అలాగే వదిలేసి పెన్సిలు తెచ్చుకున్నాను.

మార్చి 24

మాట్లాడించమన్నది డాక్టరమ్మే.

ఏప్రిల్ 3

పొట్టోడు బూట్లు తొడుక్కునేటప్పుడు ఎడమది ముందు తొడుక్కుంటాడు, ఎందుకంటే ఎడమది అన్న, కుడిది తమ్ముడు. పళ్లెంలో అన్నాన్ని గుండ్రంగా గట్టు కట్టి మధ్యలో కూర పోస్తాడు. గట్టు తెగితే తినడం మానేస్తాడు. అబద్ధం చెప్పేటప్పుడు చెవి తమ్మె పట్టుకుంటాడు. పడుకునేటప్పుడు అరికాళ్లు గోడకు ఆనించి పడుకుంటాడు, గోడ చల్లగా ఉంటుందని.

ఇవన్నీ ఒక్క మధ్యాహ్నం చెప్పింది. నేను అడుగుతూ పోయాను, ఆమె చెబుతూ పోయింది. ఎక్కడా తడబడలేదు. పొద్దున దువ్వెనను పట్టుకుని, ఇదేంటండీ అని అడిగిన మనిషి ఆమె.

పదకొండేళ్లు నేను వాడికి ఎముకలు పేర్చాను. ఆమె ఒక్క పూటలో ఒళ్లు పోసింది. నాకు సిగ్గేసింది, తర్వాత సంతోషమేసింది. ఆ వరస సరిగ్గానే రాస్తున్నాను. సిగ్గు కొంచెంసేపే ఉంది.

ఏప్రిల్ 15

రోజూ రాస్తున్నాను. ఒకప్పుడు ఏడాది పట్టేది వారంలో అవుతోంది. అధ్యాయం తర్వాత అధ్యాయం దిగిపోతోంది. పొట్టోడు లేచి తిరుగుతున్నాడు. నేను వెనకాల పరుగెత్తుకుంటూ పోయి రాసుకోవడమే.

ఆమె ఆరోగ్యం కూడా బాగానే ఉంది. వాడి గురించి మాట్లాడేటప్పుడు మొహం విప్పారుతుంది. ఇద్దరికీ మంచిదే అవుతున్నప్పుడు తప్పేముంది.

ఏప్రిల్ 28

ఆమెకు ఒక బెంగ పట్టుకుంది.

"వాడు ఎదగడం లేదండీ" అంది.

"ఎవరన్నారు?"

"ఎవరో అనాలా? నిరుడు కుట్టిన చొక్కా ఈ ఏడూ సరిపోయింది. అంతకుముందుదీ సరిపోతోంది. పిల్లలు అలా ఉండరు. డాక్టరుకి చూపిద్దాం."

మొదట నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. నిజమే, పదకొండేళ్లుగా వాడు ఎనిమిదేళ్ల దగ్గరే ఆగిపోయాడు. నేను వదిలితే కదా ఎదగడానికి. నా నత్తనడక గురించి పత్రికల్లో చాలామంది వెక్కిరించారు. ఎవరి మాటా ఇలా తగల్లేదు.

"కొందరు పిల్లలు నిదానంగా ఎదుగుతారు" అన్నాను.

"మీ పోలికే" అంది.

మే 10

వాడికి కొత్త చొక్కా మొదలుపెట్టింది. నీలం గళ్లది. "కొలత ఇవ్వండి" అంది.

 లేచి నిలబడి, నా అరచెయ్యి పొట్ట దగ్గర బల్లపరుపుగా పట్టి, "ఇంతుంటాడు" అన్నాను. ఆమె మోకాళ్ల మీద కూచుని, నా అరచేతి కింద ఖాళీలో టేపు పట్టి కొలిచింది. భుజాలు, ఛాతీ, చేతి పొడుగు. "కదలకురా" అని ఒకసారి కసిరింది.

చేతులు మూసేసి కుట్టిన మనిషి ఈ చొక్కాకి చేతులు సరిగ్గా వేసింది. దారం నేను ఎక్కించి ఇచ్చాను, అంతే.

ఆ కొలత తీసుకోవడం పంతొమ్మిదో అధ్యాయంలో పెట్టాను. నవలలో పిల్లవాడు నిజంగానే నిలబడి ఉంటాడు. ఖాళీగా ఉంటేనే బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది.

జూన్ 2

బావమరిదితో మాటా మాటా అయింది. చొక్కా చూశాడు.

"ఇదెవరికి?" అని వాళ్లక్కను అడిగాడు.

"నీ మేనల్లుడికి. ఎప్పుడూ వాడికేమీ తేవు, అడుగుతావు మళ్లీ."

అతను మెట్ల మీదికి వచ్చి కూచున్నాడు. నేనూ కూచున్నాను. 

"అక్కకి పిల్లల్లేరు బావా" అన్నాడు. "రెండుసార్లు కడుపు నిలిచి, పోయింది. రెండోసారి ఆసుపత్రి నుంచి నేనే బస్సులో తీసుకొచ్చాను, నువ్వు ఊళ్లో లేవు. ఇవి నీకు చెప్పాల్సొస్తోంది."

"నాకు తెలుసు."

"తెలిసి ఊరుకున్నావా?"

"వాదించొద్దని డాక్టరమ్మే చెప్పింది."

"వాదించొద్దంది. ఎగదొయ్యమనలేదు."  "ఆ పిల్లాడు చివర్లో పోతాడని ఎప్పుడో చెప్పావు నాతో. అది మార్చావా?"

"లేదు."

"మార్చు."

"అది పోవడం గురించిన నవలయ్యా. అది తీసేస్తే ఇంకేం మిగుల్తుంది? అది కథ."

"నీకు కథ" అన్నాడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

బస్సు నడిపేవాడికి కథ మలుపు గురించి నేను సంజాయిషీ ఇచ్చుకోవాలి. అలా రాశాక తెలుస్తోంది, నాకు కోపం అతని మీద కాదని.

జూన్ 20

తొందరాయన ఫోన్ చేశాడు. ఎప్పుడూ "గురువుగారూ, ఎంతవరకొచ్చింది" అని మొదలుపెట్టేవాడు ఈసారి అలా అడగలేదు. ఒంట్లో ఓపిక లేదట, ఈ ఏడాదితో దుకాణం కొడుక్కి అప్పగిస్తాడట. కొడుకు పాఠ్యపుస్తకాలే వేస్తానంటున్నాడు.

"సెప్టెంబరు లోపల ఇస్తే నా చేతుల మీదుగా వస్తుంది గురువుగారూ. దాటితే నేనేం చెయ్యలేను. పదకొండేళ్లు కాచుకున్నాను, అది మాత్రం గుర్తుంచుకోండి."

గుర్తుంచుకుంటానన్నాను. ఒక్క అధ్యాయమే మిగిలింది.

జూలై 1

రాయలేదు.

జూలై 4

రాయలేదు. ఆమె చొక్కాకి కాజాలు కుడుతోంది. నెమ్మదిగా కుడుతోంది. ఆ చొక్కా అయ్యేదాకా ఆగుదాం అనుకుంటున్నాను.

జూలై 9

ఇంకో దారి ఆలోచించాను. పొట్టోడు జబ్బు చేసి కోలుకుంటాడు. పొట్టోడు తప్పిపోయి దొరుకుతాడు. కాలువ పక్కనే నడుచుకుంటూ ఇంటికొచ్చేస్తాడు. ఒక్కొక్కటీ రెండు పేజీలు రాసి చూశాను. మిషన్ అక్కర్లేదు, చచ్చిన పేజీలని నాకే తెలుస్తోంది.

జూలై 27

రాశాను. పొద్దున కూచుని మధ్యాహ్నానికి లేచాను. ఎక్కడా కొట్టివేత లేదు. ఎడమ బూటు ముందు విప్పాడు. రాళ్లు జేబులోంచి తీసి గట్టు మీద వరసగా పెట్టాడు. నీళ్లు చల్లగా ఉన్నాయో లేదో అరికాలితో చూశాడు, గోడను చూసినట్టే.

రాశాక వెళ్లి ఆమె పక్కన కూచున్నాను. "ఏడ్చారా?" అంది. ఉల్లిపాయలన్నాను. నవ్వింది. "వంటలో ఉల్లిపాయలేవీ లేవే" అంది. ఒక్కోసారి అంత స్పష్టంగా ఉంటుంది.

ఆగస్టు 2

ఇన్నేళ్లలో మిషన్ పక్కన చదవకుండా ఒక్క అధ్యాయం కూడా బయటికి పంపలేదు. పక్కగదిలో తలుపేసుకుని చదివి చూశాను. గోడలకు చెప్పినట్టుంది. ఎక్కడ బాగుందో ఎక్కడ బాలేదో తెలియడం లేదు.

ఆగస్టు 6

ఆమెకు ఇప్పుడు పొడుగు వాక్యాలు అందవు. సగం విని ఊరుకుంటుంది. వినబడినా అరగంటలో మర్చిపోతుంది. నిన్న మధ్యాహ్నం తిన్నామో లేదో మూడుసార్లు అడిగింది.

అంతేకాదు, ఈ నవల సగం ఆమెది. చివరిది వినకుండా దాచితే అది అన్యాయం అవుతుంది. ఆమెకు హక్కుంది.

ఆగస్టు 11

చదివాను.

పొద్దున మబ్బుగా ఉంది. ఆమె మిషన్ ముందు కూచుంది, చొక్కా అడుగు అంచు మడిచి కుట్టడానికి. దారం ఎక్కించి ఇచ్చాను. బల్ల దగ్గర కూచుని మొదలుపెట్టాను.

మిషన్ ఆగలేదు. ఎడమ బూటు దగ్గర ఆగలేదు. రాళ్ల దగ్గర ఆగలేదు.  ఇంత కష్టపడి రాసిన అధ్యాయం, నా జీవితంలో ఇలాంటిది మళ్లీ రాయలేను, ఆమె కాలు ఒక్క చోట తడబడితే చాలు అనుకుంటూ గొంతు పెంచాను. వాడు నీళ్లలోకి దిగాడు. మిషన్ నడుస్తూనే ఉంది. నీళ్లు మెడ దాకా వచ్చాయి. నడుస్తూనే ఉంది. చివరి పేరా చదివేటప్పుడు నేను దాదాపు అరుస్తున్నాను. అయిపోయింది. పేజీ మీద ఒక్క గీత కూడా లేదు.

చచ్చిన పేజీలు, అనుకున్నాను. ఇది మొదట అనుకున్న మాట. ఇక్కడ అబద్ధం రాసి ఎవరికి చెప్పాలి.

తల ఎత్తి చూస్తే, చొక్కా ఎప్పుడో కింద పడిపోయి ఉంది. సూది కింద బట్ట లేదు. ఊరికే దిగుతోంది, లేస్తోంది. ఆమె కాళ్లు తొక్కుతూనే ఉన్నాయి, చేతులు ఒళ్లో ఉన్నాయి. నన్నే చూస్తోంది.

"అప్పుడు మీరెక్కడున్నారు?" అంది.

"ఎప్పుడు?"

"పొట్టోడు నీళ్లలోకి దిగినప్పుడు."

"అది కథ. నేను రాసింది. పదకొండేళ్లుగా రాస్తున్నానే, అది."

"కథేంటి? మీరెక్కడున్నారండీ?"

 దగ్గరికి వెళ్లి, మోకాలి మీద చెయ్యి వేసి కాళ్లు ఆపించాను.  మంచం మీద పడుకోబెట్టాను. గోడ వైపు తిరిగి పడుకుంది.

మిగతాది కూడా రాయాలి. మధ్యాహ్నం ఆమె నిద్రపోయాక బల్ల దగ్గరికి వచ్చాను. చివరి పేరా కొట్టేశాను. నవలలో తండ్రి కాలువ గట్టు నుంచి ఇంటికి వస్తాడు, తల్లి గుమ్మంలో నిలబడి ఉంటుంది. ఆమె ఏమంటుందో నాకు ఎన్నడూ తెలియలేదు. ఆ ఒక్క మాట కోసమే ఇన్నేళ్లూ ఆగానేమో. ఇవాళ అది దొరికింది. 'అప్పుడు మీరెక్కడున్నారు?' అని రాసి, చుక్క పెట్టి, కట్ట కట్టి, పోస్టాఫీసు మూసేలోపు వెళ్లి తొందరాయనకు పంపేశాను.

రేపటికి మర్చిపోతుంది.

ఆగస్టు 12

మర్చిపోలేదు.

ఆగస్టు 13

పొద్దున నేను పాలు తేవడానికి వెళ్లి వచ్చేసరికి తలుపు తీసి ఉంది. ఇంట్లో లేదు.  బావమరిదికి ఫోన్ చేస్తే అప్పటికే అతనికి తెలుసు. అతని బస్సు కాలువ వంతెన మీదుగా వెళ్తుంది. జనాన్నంతా బస్సులో ఉంచి దిగి, ఆమెను పట్టుకుని నిలబడ్డాడు.

నేను వెళ్లేసరికి ఇద్దరూ గట్టు మీద కూచుని ఉన్నారు. ఆమె చేతిలో గళ్ల చొక్కా, ఒక తువ్వాలు.

"తడిసుంటాడు కదండీ" అంది.

బావమరిది నా వైపు చూడలేదు. బస్సులోంచి ఎవరో హారన్ కొడుతున్నారు.

ఆగస్టు 19

డాక్టరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నేను మార్చిలో మీకు రెండు మాటలు చెప్పాను" అంది.

రెండోది అప్పుడు ఇందులో రాయలేదు. మాట్లాడిస్తూ ఉండండి, వాదించకండి అంది, కొత్త దిగులు మాత్రం పెట్టకండి అంది. జరిగింది పోతుంది గానీ దిగులు పోదట. ఎందుకు దిగులో మర్చిపోయినా దిగులు ఉంటుందట. మా ఆవిడ విషయంలో ఎందుకో కూడా ఉండిపోయింది.

"ఎవరు పోయారు మీ ఇంట్లో?" అని అడిగింది డాక్టరమ్మ.

బావమరిది జవాబు చెప్పాడు. ఎలా చెప్పాడో నేను వినలేదు. బయటికి వచ్చేశాను.

ఆగస్టు 24

ఆమె మర్చిపోయినవి: బావమరిది పేరు. టీలో నాకు చక్కెర వద్దని. మంచినీళ్ల కుండ ఎక్కడుంటుందో. మా పెళ్లి. మిషన్ అంటే ఏంటో కూడా నిన్న ఒక క్షణం మర్చిపోయి, దాని చక్రం పట్టుకుని తిప్పి చూసింది.

మర్చిపోనిది ఆ ప్రశ్న ఒక్కటే. రోజుకొకసారైనా అడుగుతుంది. అరవదు, ఏడవదు. కుండలో నీళ్లున్నాయా అన్నట్టే అడుగుతుంది.

ఆగస్టు 29

పొట్టోడిని వెనక్కి తెచ్చాను. పొద్దున కూచుని రాశాను. కాలువలో చేపలు పట్టేవాళ్లు బయటికి లాగారు, ఏదో తెలియని ఊరి ఆసుపత్రిలో ఉన్నాడు, పేరు చెప్పలేకపోయాడు, ఇవాళ తీసుకొచ్చారు. బూట్లు లేవు, అంతే. నా జీవితంలో ఇంత తొందరగా ఏదీ రాయలేదు. ఇంత చెత్త కూడా రాయలేదు.

ఆమె పక్కన కూచుని చదివాను. ఎంత బాగా చదివానో. గోడకు కాళ్లు ఆనించి పడుకున్నాడని చదివాను.

పూర్తిగా వింది. చివర్లో నా చెయ్యి మీద చెయ్యి వేసింది. చాలా రోజులకు ముట్టుకుంది.

"పోయినవాడి మీద కథలల్లకండి" అంది. "పాపం."

సెప్టెంబరు 5

తొందరాయన ఉత్తరం రాశాడు. చివరి అధ్యాయం చదువుతూ కుర్చీలోంచి లేవలేకపోయాడట. ఆ చివరి ప్రశ్న, గురువుగారూ, అది మీరు తప్ప ఇంకెవరూ రాయలేరు అన్నాడు.

సెప్టెంబరు 6

నవల ఆపేయమని చెబుదామని తొందరాయనకు ఫోన్ చేశాను. లైను కలవలేదు.

సెప్టెంబరు 9

మళ్లీ చేయలేదు. లైను కలవలేదని మొన్న రాసింది నిజమే. ఒక్కసారే ప్రయత్నించాను.

సెప్టెంబరు 16

ఆమె మిషన్ దగ్గరికి వెళ్లడం మానేసింది. మధ్యాహ్నాల్లో ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు తెలియదు. ఇన్నేళ్లూ అది ఆగాలని కూచున్నాను.

అక్టోబరు 3

ప్రూఫులు వచ్చాయి. చేతిరాత ప్రతి కూడా తిప్పి పంపాడు, పోల్చి చూసుకోవడానికి. పదహారో అధ్యాయం తీశాను. జనవరిలో పెట్టిన పెన్సిలు గీతలు అలాగే ఉన్నాయి.

ఒక గీత 'అప్పటికి' అన్న మాట మధ్యలో ఉంది. ఒకటి పేజీ అంకె పక్కన. నేను కాగితం తిప్పుతున్నప్పుడు ఆగినట్టుంది. ఒకటి కామా దగ్గర. 'రోడ్డుకు అటువైపు ఒక పాల దుకాణం' అన్న చోట మూడు గీతలు ఒకదాని మీద ఒకటి. పాల దుకాణం దగ్గర మనిషి కాలు ఆగడానికి ఏముంది? ముప్పై ఏళ్లు ఆ చప్పుడు విన్నవాణ్ణి. విని ఆగే ఆగుడు ఎలా ఉంటుందో, దారం ఎక్కించుకోలేక ఆగే ఆగుడు ఎలా ఉంటుందో నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది.

ఆ రోజు మూడో గీత పెట్టేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆగి, పెట్టింది.

అక్టోబరు 8

ప్రూఫులు గట్టిగా చదివితే తప్ప తప్పులు దొరకవు. ఆమె వంటింట్లో బావమరిదితో ఉందని, చిన్నగొంతుతో చదువుకుంటూ వచ్చాను. అతను డ్యూటీకి వెళ్లిపోయిన సంగతి గమనించలేదు. చివరి అధ్యాయం మధ్యలో ఉండగా ఆమె వచ్చి మిషన్ ముందు స్టూలు మీద కూచుంది. ఒళ్లో గళ్ల చొక్కా. అది ఎప్పుడూ చేతిలోనే ఉంటుంది ఇప్పుడు.

ఆపాలి. ఆపలేదు. తండ్రి గట్టు దిగి, వీధిలోకి తిరిగి, గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఆఖరి వాక్యం దగ్గర ఆగాను.

"అప్పుడు మీరెక్కడున్నారు?" అంది ఆమె.

పుస్తకంలోది అప్పజెప్పడం కాదు. అడిగింది. నేను ఇన్నాళ్లూ ఒకటే జవాబు చెబుతూ వచ్చాను, అది కథ అని.

"ఇక్కడే ఉన్నాను" అన్నాను. "ఈ బల్ల దగ్గర."

"ఏం చేస్తున్నారు?"

"రాసుకుంటున్నాను."

ఆమె కిటికీ వైపు చూసింది. వీధి చివర వంతెన కమ్మీలు కనిపిస్తాయి అక్కడి నుంచి.

"ఎంత దూరమని. వాడు పిలిస్తే ఇక్కడికి వినబడుతుందిగా."

పెన్సిలు కింద పెట్టాను.

"వినబడింది" అన్నాను.

ఆమె తలూపింది. ఇన్నాళ్లూ ఆ ఒక్క మాట కోసమే అడుగుతున్నట్టు, ఇంక అడగలేదు. చొక్కాని మిషన్ బల్ల మీద పరిచి, చేతులు లోపలికి మడిచి, కాలరు పైకి వచ్చేలా మడత పెట్టింది. ఆ మడత మాత్రం చక్కగా వచ్చింది. తెచ్చి నా చేతిలో పెట్టింది.

"లోపల పెట్టండి, పాడైపోతుంది" అంది.

లోపల అంటే ఎక్కడో నాకు తెలియలేదు. పొట్టోడి బట్టలకు ఈ ఇంట్లో ఏ అరా లేదు. చొక్కా ఒళ్లో పెట్టుకునే ఇదంతా రాస్తున్నాను.